ఇల్లు, నడకదూరం, నీతి

ఇల్లు ఎక్కడ తీసుకోవాలి అనే ప్రశ్నను నీతిశాస్త్రం సాధారణంగా పట్టించుకోదు. అబద్ధం చెప్పవచ్చునా, హింస ఎప్పుడైనా సమర్థనీయమా, వ్యక్తి ముందా సమాజం ముందా – ఇవీ తాత్వికుల ప్రశ్నలు. దానవాయిపేటలో ఫ్లాటా, కోరుకొండ రోడ్డులో స్థలమా అన్నది బ్రోకరుతో తేల్చుకోవలసిన సంగతి. కాని మధ్యతరగతి మనిషి తన జీవితంలో చేసే నిర్ణయాలన్నిటిలోకీ ఇతరుల బ్రతుకుల మీద ఎక్కువకాలం పనిచేసేది బహుశా ఇదే. ఓటు అయిదేళ్లకొకసారి మార్చుకోవచ్చు. ఉద్యోగం మారుతుంది, అభిప్రాయాలూ మారతాయి. ఇల్లు మాత్రం ముప్పయి నలభై ఏళ్లు కదలకుండా నిలబడి, మనకు ఇరుగు ఎవరో పొరుగు ఎవరో, మన వీధిలోకి కేవలం పనికోసం వచ్చిపోవలసినవాళ్లెవరో నిర్ణయిస్తూ వుంటుంది.

ఉద్యోగ విరమణ తరువాత ఈ ప్రశ్న నాకు సొంత ప్రశ్న అయింది. మిత్రులు ముగ్గురు మూడు సలహాలు చెప్పారు. రాజమండ్రి దానవాయిపేటలో ఫ్లాటు కొనుక్కోమని ఒకరు. కోరుకొండ పోయే రోడ్డు పక్కన వెలుస్తున్న వెంచర్లలో రెండువందల గజాలు కొనిపడేస్తే పదేళ్లకు నాలుగింతలవుతుందని మరొకరు. మూడో ఆయన పాత కమ్యూనిస్టు. "ఈ వయసులో ఇల్లేమిటయ్యా, ఎక్కడో ఒకచోట అద్దెకుండి నాలుగు పుస్తకాలు చదువుకో" అన్నాడు. నా మనసు కోరుకొండ మీదికి పోయింది. రోడ్డుపక్క వెంచరులోకి కాదు, ఊళ్లోకి.

కోరుకొండను పల్లె అనటానికి లేదు, పట్నమనటానికీ లేదు. రాజమండ్రికి ఉత్తరంగా ఇరవై కిలోమీటర్ల దాపున, డెల్టా అయిపోయి మెట్ట మొదలయ్యే చోట వున్నది. పధ్నాలుగో శతాబ్దంలో ముమ్మడినాయకుడు ఏలిన చోటు. కొండమీద నరసింహస్వామి, కొండకింద బజారు. గోకవరం బస్టాండులో ఎక్కితే మధురపూడి విమానాశ్రయం మీదుగా బస్సు తీసుకువచ్చి ఆ బజారులో దింపుతుంది. మండలాఫీసు, హైస్కూలు, మందులకొట్టు, కూరగాయల దుకాణాలు – అన్నీ కాలినడకన తిరిగి రాగల మేరలో వున్నాయి. ఫాల్గుణంలో తీర్థం రోజులలో చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే వుంటాయి. మామూలు రోజులలో కూడా తెల్లవారేసరికి పెసరట్ల బండి దగ్గర జనం, పూలబుట్టలు, షేర్ ఆటోల అరుపులు. సాయంత్రం చావడి దగ్గర నలుగురు పెద్దవాళ్లు. బండి నడపటం మానుకోవలసిన వయసులో మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

ఇలా అంటే ఇది మధ్యతరగతి సుఖలాలస అని కొట్టిపారేసే మిత్రులున్నారు. వారితో నేను ఏకీభవించను. ఎనిమిదిగంటల పనిదినం కోసం కార్మికవర్గం ప్రాణాలిచ్చింది. ఇంటికీ పనికీ మధ్య రోజుకు రెండుగంటలు బస్సులో నిలబడవలసివస్తే ఆ ఎనిమిది పది అవుతుంది; ఆ రెండుగంటలకు కూలి ఇచ్చే యజమాని లేడు. బడి దగ్గరగా వుంటే ఆడపిల్ల పదో తరగతి పూర్తిచేస్తుంది, దూరంగా వుంటే ఏడుతోనే ఆపేస్తారు. ఈ సంగతి పల్లెబడులలో పనిచేసిన ఏ ఉపాధ్యాయుడికైనా తెలుసు. దగ్గరతనం విలాసం కాదు. మనిషి ఆయుర్దాయంలో ఒక భాగాన్ని అతడికే మిగల్చటం అది. కాబట్టి నడిచి బ్రతకగల ఊరు కావాలనుకోవటంలో తప్పులేదు. అది ఎవరికి దొరుకుతున్నది, ఎవరి కష్టంమీద దొరుకుతున్నది అన్నదే అడగవలసింది.

ఊరి సందడి కొండలాగా, గోదావరిలాగా ప్రకృతి ఇచ్చింది కాదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి రుబ్బుకుని బండి తోసుకువచ్చే మనిషి వల్ల అది పుడుతున్నది. రోడ్డు ఊడ్చే పంచాయతీ పారిశుధ్య కార్మికుడివల్ల, చెప్పులు కుట్టే ఆయనవల్ల, పూలు అల్లే ముసలమ్మవల్ల, రాత్రి పదిదాకా కొట్టు తెరిచివుంచి వీధికి వెలుతురిచ్చే చిన్న వర్తకుడివల్ల పుడుతున్నది. వీరెవరూ దాన్ని సరుకుగా అమ్ముకోలేరు. పెసరట్టుకు మాత్రమే ధర వస్తుంది, తన బండి వల్ల ఆ వీధికి వచ్చిన జీవానికి ఎవరూ కానీ ఇవ్వరు. కాని అది అమ్ముడుపోకుండా వుండటం లేదు. వెంచరు బోర్డుమీద చూడండి: బస్టాండుకు ఇంత దగ్గర, బజారుకు ఇంత దగ్గర, విమానాశ్రయానికి ఇంత దగ్గర. గజం ధరలో ఇదంతా చేరి వున్నది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసి రాజమండ్రిని తూర్పుగోదావరికి కేంద్రం చేసిన తరువాత ఈ బోర్డులు మరింత చిక్కబడ్డాయి. అందరూ కలిసి పుట్టించిన విలువ స్థలం సొంతదారు జేబులోకి పోతున్నది. అతడు చేసిన పని ఏమిటంటే, ఆ స్థలాన్ని అట్టేపెట్టుకుని వుండటం.

ఇది కొత్త మాట కాదు. భూమి యజమాని నిద్రపోతున్నప్పుడు కూడా పెరిగే ఈ విలువను గురించి పందొమ్మిదో శతాబ్దంలో మిల్ రాశాడు. 1879లో హెన్రీ జార్జి 'ప్రోగ్రెస్ అండ్ పావర్టీ'లో దానిమీద తప్ప వేరే పన్నే అక్కరలేదన్నాడు. పన్నుతోనే అంతా సరిపోతుందన్నది అమాయకత్వమే కావచ్చు. కాని ఆయన వేలు పెట్టి చూపించిన చోటు సరైనదే.

ఎంగెల్సు చూపు ఇంకా దూరం పోయింది. 1845లో ఆయన వర్ణించిన మాంచెస్టరును ఆ కోణంనుంచి చదివితే అది పట్టణ నిర్మాణశాస్త్రమే. శివార్లలో కాపురముండే ధనికులు ఊరి నడిబొడ్డుకు వచ్చే పెద్దరోడ్లకు రెండుపక్కలా దుకాణాలు బారులుతీరి, వాటివెనుక వున్న కూలిజనం ఇళ్లు వారి కంటపడకుండా దాచేవి. వర్తకుడు ప్రతిరోజూ ఆ దారిలోనే పోయివస్తాడు, పేదరికాన్ని మాత్రం చూడడు. గృహసమస్యపై 1872లో రాసిన వ్యాసాలలో ఆయన చెప్పిందేమిటంటే, బూర్జువావర్గానికి ఈ సమస్యను పరిష్కరించే పద్ధతి ఒకటే: దాన్ని ఒకచోటినుంచి మరొకచోటికి నెట్టటం. నడిబొడ్డున స్థలం విలువ పెరిగితే అక్కడి పాత ఇళ్లు పడిపోతాయి, వాటిలో వున్నవాళ్లు ఊరి అంచుకు పోతారు.

ఆ ఊరి అంచు ఎక్కడున్నదో చూడటానికి మాంచెస్టరు దాకా పోనక్కరలేదు. కోరుకొండ మండలంలోనే బూరుగుపూడి వున్నది. రాజమండ్రి పేదలకు ఇళ్లస్థలాలకోసం ప్రభుత్వం అక్కడి ఆవ భూములను, వందల ఎకరాలను, 2020లో సేకరించింది. ఆవ అంటే ఏమిటో గోదావరి జిల్లాలవారికి చెప్పవలసిన పనిలేదు: వాన పడితే నీరు నిలిచి, పోవటానికి దారిలేని పల్లం. అందులో ఇళ్లేమిటని గొడవ లేచింది, ధర ఎక్కువ పెట్టారని ఆరోపణలు వచ్చాయి, వివాదం హైకోర్టుకు పోయింది. ముంపు సంగతి, ధర సంగతి పత్రికలలో చాలా చర్చకు వచ్చాయి. చర్చకు అంతగా రానిది దూరం సంగతి.

2020 డిసెంబరు 25న మొదలుపెట్టిన ఆ పథకంలో పట్టణంలోని పేద కుటుంబానికి సెంటు, పల్లెలోని కుటుంబానికి సెంటున్నర. సెంటంటే నలభై ఎనిమిది గజాలు. అది చిన్నదని చాలామంది విమర్శించారు, న్యాయంగానే. కాని సెంటును రెండు సెంట్లు చేసినా, పల్లాన్ని మెరకచేసినా, మిగిలిపోయే ప్రశ్న ఒకటున్నది. రాజమండ్రిలో నాలుగిళ్లలో అంట్లుతోమే మనిషిని తీసుకోండి. ఆరింటికి ఒక ఇల్లు, ఎనిమిదింటికి మరొకటి, మధ్యాహ్నం ఇంటికి పోయి పిల్లలకు అన్నం పెట్టుకుని మళ్లీ సాయంత్రం రెండిళ్లు. ఆమె పని మొత్తం నడకమీద నిలబడి వున్నది. ఆమెను పది కిలోమీటర్ల పైచిలుకు అవతల పట్టా ఇచ్చి పెడితే మధ్యాహ్నపు అన్నం పోతుంది, ఆరింటి ఇల్లు పోతుంది, మిగిలిన జీతంలోనుంచి ఆటోచార్జీ పోతుంది. ఏడింటికి అడ్డామీద నిలబడకపోతే కూలి దొరకని తాపీపనివాడి గతీ అంతే. వారికి ఇల్లు ఇచ్చారు. వారు అప్పటిదాకా అనుభవిస్తున్న దగ్గరతనాన్ని తీసుకున్నారు. ఈ రెండోదాన్ని ఏ లెక్కలోనూ రాయలేదు.

నడకదూరం అనే మాట నాకు ఆరోగ్యం, ఆమెకు జీతం. నాకు అది లేకపోతే రోజులు కొంత వెలితిగా గడుస్తాయి, ఆమెకు గడవవు. అయినా గజాలలెక్కన కొనుక్కోగలిగేది నేను.

పేదలకు ఎంచుకునే అవకాశం లేదని మనం తరచు అంటాం. అది సగం నిజమే. విజయవాడ వన్‌టౌను కొండలు చూడండి. ఆ ఏటవాలులమీద తరతరాలుగా పనివాళ్లు ఒక ఇంటిమీద మరొక ఇల్లుగా కట్టుకున్నారు. బిందె నెత్తిన పెట్టుకుని వందలమెట్లు ఎక్కాలి, వానాకాలంలో బండలు దొర్లుతాయి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్లమీద పడి మనుషులు చనిపోయారు. ఆ ప్రమాదం అక్కడివారికి తెలియక కాదు. కొండ దిగితే మార్కెట్టు, రైల్వేస్టేషను, పని వున్నాయి. దూరంగా వున్న క్షేమాన్ని కాదని దగ్గరగా వున్న ప్రమాదాన్ని వాళ్లు ఎంచుకున్నారు. వెంచరు బోర్డు చెప్పేది గాలిమాట. ఆ మెట్లు ఎక్కేవాళ్లు మాత్రం దగ్గరతనానికి ప్రాణం పూచీ పెట్టారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావలసి వున్నది, దాన్ని దాటవేసి ముందుకు పోవటం నిజాయితీ కాదు. నడిచి బ్రతకగల ఊరు అని నేను మెచ్చుకుంటున్నది చివరకు మన పాత ఊరే కదా? ఆ ఊళ్లో అన్నీ దగ్గరే, నిజమే. కాని ఆ ఊరు రెండుగా వున్నది. మన జిల్లాలలో ఒక మాట వున్నది, పేట. రాజమండ్రిలో ఇన్నీసుపేట, దానవాయిపేట అంటే పెద్దమనుషులు కాపురముండే చోట్లు. అదే మాటను పల్లెలో వాడి "ఆయనది పేట" అంటే అర్థం వేరు. ఊరికీ పేటకూ మధ్య దూరం పావుమైలుకూడా వుండదు. ఆ పావుమైలు దాటటానికి మాత్రం రెండువేల ఏళ్లు చాలలేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో అంబేడ్కరు గ్రామాన్ని ఆదర్శంగా తీసుకోనందుకు సంతోషమే ప్రకటించినప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. ఇల్లు వెతుక్కోవటమంటే ఏమిటో ఆయనకు తెలిసినట్టు ఆ నొచ్చుకున్నవారికి తెలియదు. 1917లో విదేశాలలో చదివివచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరితే ఆ పట్నమంతటిలో ఆయనకు అద్దెకిచ్చేవాడు లేకపోయాడు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు.

అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జూలై 17న ఏం జరిగిందో తెలుగు పాఠకుడికి చెప్పనక్కరలేదు. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలయిన తగవు ఆరుగురు మాదిగల హత్యదాకా పోయింది. మన ప్రశ్నకు సంబంధించినది ఆ తరువాతి సంగతి. బ్రతికినవాళ్లు చీరాల పారిపోయారు. తిరిగి ఊరికి రమ్మన్నా పోలేదు. చీరాలలోనే విజయనగర్ కాలనీ ఏర్పడింది. బట్టల వ్యాపారంతో, రైలుస్టేషనుతో, సినిమాహాళ్లతో కిటకిటలాడే చిన్నపట్నాన్ని వాళ్లు ఎంచుకున్నారు. మన సాహిత్యంలో పట్నానికి వలసపోవటాన్ని కన్నీళ్లతో రాయటం అలవాటు. కారంచేడు మాదిగలకు పట్నపు గుంపే రక్షణ అయింది: తెలియని ముఖాల మధ్య నడిచే స్వేచ్ఛ, దుకాణంలో డబ్బిచ్చి సరుకు తీసుకుని పేరు చెప్పకుండా రాగలగటం.

ఈ దృష్టితోనే అమెరికన్ రచయిత్రి జేన్ జేకబ్స్‌ను చదవాలి. 1961లో వచ్చిన ఆమె పుస్తకం, 'ది డెత్ అండ్ లైఫ్ ఆఫ్ గ్రేట్ అమెరికన్ సిటీస్', నడిచే ఊళ్లను ప్రేమించేవారందరికీ ప్రమాణగ్రంథం. వీధిని కాపాడేది పోలీసులు కారు, వీధిమీద వుండే కళ్లు అన్నది ఆమె వాదం. న్యూయార్కులో తానున్న హడ్సను వీధిలో కొట్టువాడి దగ్గర ఇంటి తాళంచెవులు ఇచ్చిపోయే అలవాటును ఆమె ఎంతో ముచ్చటగా వర్ణించింది. చాలావరకు నిజం. కాని మన ఊళ్లో కూడా వీధిమీద కళ్లున్నాయి. ఎవడు ఎవడి టీకొట్టులో కూర్చున్నాడు, ఎవరి పిల్ల ఎవరితో మాట్లాడింది, వితంతువు ఏ చీర కట్టింది – ఇవన్నీ ఆ కళ్లే చూస్తాయి. 1881 డిసెంబరులో వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు పాల్గొన్నవారిని వెలివేసింది ఎక్కడో మద్రాసులో వున్నవారు కాదు, నడకదూరంలో వున్నవారే. కళ్లుంటే చాలదు. అవి ఎవరి కళ్లో, ఏ అధికారంతో చూస్తున్నాయో అడగాలి. జేకబ్స్ వర్ణించిన ఆ పేటకు తరువాత పట్టిన గతి కూడా గుర్తుంచుకోవలసిందే: ఆమె రాసిన వీధిలో ఓడరేవు కూలీలు తిరిగేవారు, ఆ గ్రీన్విచ్ విలేజి ఇప్పుడు న్యూయార్కులోనే అత్యంత ఖరీదయిన చోట్లలో ఒకటి. ఓడకూలీ అక్కడ గది కూడా అద్దెకు తీసుకోలేడు.

వెంచరులో స్థలం కొనమన్న మిత్రుడు ఈ వాదమంతా విని నవ్వాడు. "నువ్వు కొన్నా కొనకపోయినా ధర పెరుగుతుంది. నువ్వు మానేస్తే మరొకడు కొంటాడు. నీ మనస్సాక్షివల్ల అట్లబండి మనిషికి ఒక సెంటు వస్తుందా?" అని అడిగాడు. రాదు. భూమి ధర ఒక మనిషి మంచితనంతో దిగేది కాదు, వ్యక్తిగత పరిశుద్ధతతో వ్యవస్థ మారదని మనమే అందరికీ చెపుతూ వచ్చాం. కాని అతడు ఒక విషయం మరిచిపోతున్నాడు. ఇల్లు ఎంచుకోవటం రిజిస్ట్రేషను రోజుతో అయిపోదు. అసలు ఎంపిక ఆ తరువాతే, సంవత్సరాల తరబడి జరుగుతూ వుంటుంది.

ఇలాంటి వీధులలో నేను చాలాసార్లు చూసిన వరస ఇది. సందడి బాగుందని వచ్చి చేరిన వారే రెండేళ్లు తిరగకుండా కాగితం పట్టుకుని వస్తారు: ఇంటిముందు బండ్లు తీసేయించాలి, వాసన, చప్పుడు, కారు తిప్పటానికి చోటులేదు. ఆ కాగితంమీద మాస్టార్లు సంతకాలు పెట్టటం నాకు తెలుసు. వీధివ్యాపారుల రక్షణకు 2014లో పార్లమెంటు చట్టం చేసింది. పట్టణాలలో సర్వే పూర్తయేదాకా ఎవరినీ తొలగించరాదు, వ్యాపారుల ప్రతినిధులు నూటికి నలభైమందికి తగ్గకుండా వుండే పట్టణ కమిటీ వుండాలి అన్నది. ఆ చట్టం చదివిన విద్యావంతులు ఆ వీధిలో నలుగురుంటే ఆ కాగితం ముందుకు కదలదు. ఇక రెండో సంగతి అద్దె. మన పట్నాలలో గది చూడటానికి పోతే ముందు అడిగేది జీతం కాదు, ఇంటిపేరు. ఇంటిపేరుతో తేలకపోతే "మీదే ఊరు, మీవాళ్లెవరు" అని తిప్పి తిప్పి అడుగుతారు. "శాకాహారులకు మాత్రమే" అని బోర్డు పెట్టినవాడు మర్యాదస్తుడు. అతడు నాలుగు మాటలు ఆదాచేశాడు. అరుణపతాకం పట్టుకున్న ఇళ్లలోనూ ఈ ప్రశ్న వినిపించటం నాకు తెలుసు, ఆ ప్రశ్న అడిగేది "మా అమ్మగారి పట్టింపు" అన్న సాకుతో.

వ్యక్తి చేయగలిగింది ఇంతే. మిగిలినది సంఘం చేయవలసిన పని. అది అసాధ్యమేమీ కాదని వియన్నా చూపించింది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత అక్కడి కార్మికపక్షపు నగరపాలక సంఘం 1923లో ఇళ్లపన్ను వేసింది. గొప్ప ఇళ్లమీద ఎక్కువ, చిన్న ఇళ్లమీద నామమాత్రం. ఆ సొమ్ముతో 1934లోగా అరవైవేలకు పైగా ఇళ్లు కట్టింది. వాటిలో 1930లో పూర్తయిన కార్ల్ మార్క్స్ హాఫ్ కిలోమీటరు పొడవున వున్నది. రైల్వేస్టేషను ఎదురుగా, పదమూడువందల పైచిలుకు కాపురాలు, లోపలే చాకిరేవులు, పిల్లల బడి, గ్రంథాలయం, వైద్యశాల. కూలివాడికి ఆవలో సెంటు ఇవ్వలేదు, ఊరినే అతడి గుమ్మం ముందుకు తెచ్చారు. 1934 ఫిబ్రవరిలో ఆ భవనంమీద ఫిరంగులు పేల్చారంటే ఇళ్లు ఎక్కడ కట్టాలి అన్నది ఎంత రాజకీయమో శత్రువులకు మనకంటే బాగా తెలుసునన్నమాట. నేటికీ ఆ నగరంలో రెండులక్షల పైచిలుకు ఇళ్లు నగరపాలక సంస్థవే. రాజమండ్రిలో ప్రభుత్వస్థలాలు లేవని చెపుతారు. ప్రభుత్వకార్యాలయాలకు, కల్యాణమంటపాలకు దొరికిన స్థలం అంట్లుతోమే మనిషికి దొరకకపోవటానికి కారణం కొలతగొలుసులో లేదు.

మిత్రుడి చివరి ప్రశ్న ఒకటి మిగిలింది: "సరే, ఇంతకూ నువ్వు ఎక్కడుంటావు?" కోరుకొండ ఊళ్లోనే, అద్దెకు. మూడో మిత్రుడి సలహాలో సగం తీసుకున్నాను. మొదట చూసిన ఇంటి యజమాని ఇంటిపేరు అడిగాడు. చెప్పకుండా లేచి వచ్చాను. రెండోది బజారుకు ఇవతల, పేటకూ ఊరికీ నడుమ వున్న రోడ్డుమీద రెండుగదుల ఇల్లు. బ్రోకరు అది చూపించటానికి ఇష్టపడలేదు. "మాస్టారూ, ఇటు పక్క మీలాంటివారు ఎవరూ తీసుకోరు, తరువాత పై అద్దె కూడా రాదు" అన్నాడు. ఇంటి ముందు ఒక టిఫిను బండి వున్నది. అద్దె నెలకు మూడోవంతు తక్కువ. ఆ తగ్గింపు ఎందుకో ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.